పులిపిరి గారికి పాదాభివందనం

మహారాజశ్రీ పులిపిరి గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలమంతా తమవైపే ఉంది. చర్మం మీద చిన్న గాటో పగులో దొరికితే చాలు, లోపలికి దూరిపోతారు. నెలలు గడిచాక తీరిగ్గా పైకి తేలుతారు. ఎక్కడ అంటించుకున్నామో ఆపాటికి ఎవరికి గుర్తుంటుంది?

తమది హ్యూమన్ పాపిలోమా వైరస్ వంశం, నూటికి పైగా శాఖలు. రక్తంలోకి దిగకుండా చర్మం పై పొరలోనే సర్దుకుంటారు కనుక, ఒంట్లో కాపలా కాసే కణాలకు తమ కబురే సరిగా అందదు. అందిన రోజున మాత్రం ఏ మందూ లేకుండానే మాయమైపోతారు. చాలామంది పిల్లల్లో రెండేళ్లలోపు జరిగేది ఇదే. పెద్దల దగ్గర తమ మకాం ఇంకా ఎక్కువ. అందుచేత నొప్పి పెట్టక, పెరగక ఓ మూల పడి ఉంటే తమను పట్టించుకోకపోవడమూ ఒక వైద్యమే. తమకిది అవమానంగా తోచవచ్చు.

అడుగేస్తే గుచ్చుకున్నా, గోటి అంచున చేరినా, ఒకటి నాలుగైనా ఊరుకోం. చూసుకున్నప్పుడల్లా మనసు చిన్నబోతుంటే, అదీ చాలినంత కారణమే.

అరికాలిలో తమరు ఆనెకాయ వేషం కడతారు. వేషం తీయడం తేలికే. నిటారుగా నొక్కితే ఎక్కువ నొప్పి పెట్టేది ఆనె. రెండు పక్కల నుంచి గిల్లి పట్టుకుంటే చురుక్కుమనేది తమరు. చర్మపు గీతలు ఆనె మీదుగా సాగిపోతాయి, తమ దగ్గర తెగిపోతాయి. పైపొర కాస్త అరిగితే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. జనం వాటిని వేళ్లనుకుని బ్లేడుతో తవ్వుతారు. తమకు వేళ్లే లేవు! తవ్వకంలో దొరికేది రక్తమూ, తమ సంతానానికి కొత్త చోటూ.

మా ఆయుధం 17 శాతం సాలిసిలిక్ ఆమ్లం. రోజూ రాత్రి గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, తుడిచి, తెల్లబడిన చచ్చు చర్మాన్ని గరుకు పట్టీతో రక్తం రాకుండా అరగదీయాలి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజిలిన్ రాసి, మందును తమ నెత్తిన మాత్రమే వేసి, ఆరనివ్వాలి. ఇలా పన్నెండు వారాల దాకా. చర్మం మండి పచ్చి పుండైతే కొన్నాళ్లు ఆపాలి. ఆ పట్టీతో గోళ్లు అరగదీసుకున్నవారు తమకు స్వయంగా రవాణా సౌకర్యం కల్పించినట్టే.

తమ అసలు మిత్రులు వేరే ఉన్నారు. అరగదీసే ఓపిక లేక మందు మీద మందు పూసేవారు ఒకరు. ఆ మందు చచ్చు చర్మం మీదే ఆగిపోతుంది, తమ దాకా రాదు. మూడో వారంలో తమరు చదునుగా కనబడగానే గెలిచామని సీసా అటక మీద పెట్టేవారు మరొకరు. తమరు నిజంగా వెళ్లారనడానికి గుర్తు ఒక్కటే: తెగిన చర్మపు గీతలు మళ్లీ కలవాలి.

తొందరపడేవారు డాక్టరు దగ్గరికెళ్లి తమను గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్‌ను నమ్ముకుంటారు. సున్నాకు దిగువన 196 డిగ్రీలు! పొక్కు లేస్తుంది, రెండు మూడు వారాలకోసారి మళ్లీ వెళ్లాలి. చామనఛాయ చర్మం మీద తెల్లమచ్చ నెలల తరబడి ఉండొచ్చు, గోటి దగ్గరైతే గోరే వంకరపోవచ్చు. ఇంత చేసి, 2011లో వెలువడిన ఒక పరిశోధనలో అరికాలి పులిపిర్లను ఇటు గడ్డకట్టించినా, అటు రోజూ 50 శాతం సాలిసిలిక్ ఆమ్లం పూసినా, పన్నెండు వారాలకు పూర్తిగా పోయినవారు రెండు వైపులా 14 శాతమే. నవ్వుకోండి, నవ్వుకోండి.

ముఖం మీదా మర్మాంగాల దగ్గరా ఈ ఇంటి ఆమ్లం పనికిరాదు; అక్కడ డాక్టరే చూడాలి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు, కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు కూడా సొంత వైద్యానికి దిగకూడదు. ఇక రక్తం కారుతూ, రంగు మారుతూ, గబగబా పెరిగేది అసలు తమరో కాదో! దాన్ని చూపించాకే మిగతా మాట.

ఇట్లు,
ఈసారి పన్నెండో వారం దాకా సీసా మూత బిగించదలచుకోని
తమ విధేయులు