ప్రత్యర్థి పెట్టుబడి ఇంటెల్‌ను గట్టెక్కిస్తుందా?

కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఇంటెల్‌లో 500 కోట్ల డాలర్లు పెడతామని 2025 సెప్టెంబరులో దాని పోటీదారు ఎన్విడియా ప్రకటించింది. ఆ ఒక్కరోజే ఇంటెల్ షేరు 20 శాతానికి పైగా ఎగిసింది. 2024లో ఇంటెల్ మూటగట్టుకున్న నష్టం దాదాపు 1,900 కోట్ల డాలర్లు. ఎన్విడియా పెడతానన్న సొమ్ము అందులో మూడో వంతు కూడా లేదు. మరి మార్కెట్‌కు అంత సంబరం దేనికి?

చాలామందికి 1997 గుర్తొచ్చి ఉంటుంది. ఆ ఆగస్టులో బోస్టన్ మాక్‌వరల్డ్ సభలో, యాపిల్‌లో మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు పెడుతోందని స్టీవ్ జాబ్స్ ప్రకటించారు. తెర మీద బిల్ గేట్స్ ముఖం కనబడగానే యాపిల్ అభిమానులు నిరసనగా గోల గోల చేశారు. ఆ డబ్బే యాపిల్‌ను బతికించిందని ఇప్పటికీ అంటుంటారు. లెక్క చూస్తే అలా అనిపించదు. ఆ ఆర్థిక సంవత్సరంలో యాపిల్ నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ వేగంతో పోతే 15 కోట్లు రెండు నెలల నష్టానికి కూడా చాలవు. పైగా చేతిలో అప్పటికే వంద కోట్లకు మించి నగదు ఉంది.

పనిచేసింది డబ్బుతో పాటు వచ్చిన హామీ. యాపిల్ కంప్యూటర్ మాక్ కోసం ఐదేళ్లపాటు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తామని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. వర్డ్, ఎక్సెల్ రేపు ఉంటాయో లేదో తెలియని కంప్యూటర్‌ను ఏ కంపెనీ కొంటుంది? ఆ టెన్షన్ తీరింది. రెండు కంపెనీల మధ్య పేటెంట్ గొడవలూ సద్దుమణిగాయి. మైక్రోసాఫ్ట్ తీసుకున్నవి ఓటు హక్కు లేని షేర్లు కాబట్టి పగ్గాలు జాబ్స్ చేతిలోనే ఉన్నాయి. దొరికిన వ్యవధిలో ఆయన అనవసరమైన మోడళ్లను తీసేసి, 1998లో ఐమాక్ తెచ్చారు.

మైక్రోసాఫ్ట్ ఇదేమీ దానంగా చేయలేదు. బ్రౌజర్ల కంపెనీ నెట్‌స్కేప్‌తో పోరు నడుస్తున్న ఆ రోజుల్లో మాక్‌లో డిఫాల్ట్ బ్రౌజర్‌గా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు చోటు సంపాదించుకుంది. గుత్తాధిపత్య ఆరోపణలు ముసురుకుంటున్నప్పుడు యాపిల్ లాంటి పోటీదారు మూతపడటం దానికీ మంచిది కాదు. ఇలా అవతలివాడికి సొంత అవసరం ఉన్న ఒప్పందాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. జాలితో పెట్టిన డబ్బు మొదటి చెడ్డ త్రైమాసికానికే వెనక్కి పోతుంది.

ఎన్విడియాకూ అవసరం ఉంది. అది అమ్మే డేటా సెంటర్ వ్యవస్థల కోసం ఇంటెల్ ప్రత్యేకంగా ఎక్స్86 (ఇంటెల్ సొంత డిజైన్ పద్ధతి) ప్రాసెసర్లు చేసిస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్‌ను కలుపుకుని పీసీ చిప్‌లు కూడా తెస్తుంది (ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ విభాగం గతేమిటన్నది వేరే ప్రశ్న). అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇంటెల్‌ను ముంచుతున్నది ప్రధానంగా చిప్‌ల తయారీ వ్యాపారం. 2024లో ఒక్క ఆ విభాగంలోనే నిర్వహణ నష్టం 1,300 కోట్ల డాలర్లు దాటింది. తన చిప్‌లను ఇంటెల్ ఫ్యాక్టరీల్లో చేయిస్తానన్న హామీ మాత్రం సెప్టెంబరు ప్రకటనలో ఎన్విడియా ఇవ్వలేదు. యాపిల్‌కు ఆఫీస్ ఎలాంటిదో, ఇంటెల్‌కు ఆ ఆర్డరు అలాంటిది. అది లేకుండా ఈ ఒప్పందాన్ని 1997తో పోల్చడం తొందరపాటు.