చెవి పండిందా, భుజం అలిసిందా?

అకూస్టిక్ గిటారు వాయించేవాళ్లలో ఒక మాట చాలాకాలంగా చెలామణీలో ఉంది. పుట్టింది అమెరికాలోనే అయినా ఇప్పుడు నలుగురు గిటారిస్టులు ఎక్కడ చేరినా వినిపిస్తుంది. దాని సారం ఇదీ: "కుర్రతనంలో అందరికీ పెద్ద బాడీ ఉన్న డ్రెడ్‌నాట్ గిటారు కావాలి, గట్టిగా మోగాలి. వయసు వచ్చేకొద్దీ చెవి పండుతుంది. అప్పుడు చిన్న బాడీ ఉన్న పాతకాలపు గిటారు విలువ తెలుస్తుంది. రోజ్‌వుడ్ చెక్క మోజు తగ్గి మహాగని చెక్క నచ్చుతుంది. పాత చెక్కలోని నాదం పండిన చెవికే అందుతుంది. డబ్బు గురించి బెంగ అక్కర్లేదు, పాత మార్టిన్ కంపెనీ గిటారు ధర ఎప్పుడూ పెరిగేదే."

ఇందులో ఒక్క సంగతి నిజం. నలభై, యాభై దాటాక చాలామంది గిటార్లు మారుస్తారు. పెద్దవి అమ్మేసి చిన్నవి కొంటారు. దానితో నాకు పేచీ లేదు. దానికి చెప్పే కారణంతోనే పేచీ. చెవి పండిందని చెప్పుకోవడం కొనేవాడికీ గౌరవంగా ఉంటుంది, అమ్మేవాడికీ లాభంగా ఉంటుంది. అందుకే ఎవరూ దాన్ని పెద్దగా ప్రశ్నించరు.

మొదట ఆ వయసు లెక్క చూద్దాం. చిన్న గిటారు పెద్దవాళ్లదీ, పెద్ద గిటారు కుర్రాళ్లదీ అన్న విభజన చరిత్రలో ఎక్కడా నిలబడదు. 1833లో మొదలైన మార్టిన్ కంపెనీ దాదాపు వందేళ్లపాటు సొంత పేరుతో అమ్మినవన్నీ ఈనాటి లెక్కలో చిన్న గిటార్లే. ఇరవై ఏళ్లవాడూ, డెబ్బై ఏళ్లవాడూ వాటినే వాయించారు. 1906లో బ్రిటిష్ నౌకాదళంలోకి వచ్చిన యుద్ధనౌక పేరు పెట్టుకున్న డ్రెడ్‌నాట్‌ను మార్టిన్ 1916లో డిట్సన్ అనే సంగీత వ్యాపార సంస్థ కోసం చేసింది. సొంత పేరుతో అమ్మడం 1931లో గానీ మొదలుపెట్టలేదు. గొంతుకు తోడు నిలవాలి, బాంజో, ఫిడేలు పక్కన వినపడాలి అన్న అవసరం కొద్దీ అది నిలదొక్కుకుంది. వాయించేవాడి వయసుతో దానికి సంబంధమే లేదు.

పోనీ మనుషుల్ని చూద్దాం. అమెరికన్ జానపద గాయని జోన్ బేజ్ 1960ల మొదట్లో, ఇరవైల్లో ఉండగానే, 1929 నాటి మార్టిన్ 0-45 పట్టుకుని పాడింది. అది చాలా చిన్న గిటారు. ఇటు గిటారిస్టు టోనీ రైస్ 1975లో 550 డాలర్లకు కొన్న 1935 నాటి డి-28ని, అంతకుముందు మరో గిటారిస్టు క్లారెన్స్ వైట్ వాయించిన ఆ డ్రెడ్‌నాట్‌ని, అరవై దాటినా వదల్లేదు. జానపద గిటారిస్టు డాక్ వాట్సన్ 1968 నుంచి గల్లాఘర్ కంపెనీ డ్రెడ్‌నాట్లతోనే పేరుపడ్డాడు, ముసలితనంలోనూ అవే వాయించాడు. వీళ్ల చెవులు పండలేదని అనగలిగే ధైర్యం ఎవరికుంది? కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ సంగతి మరీ విడ్డూరం. 1969లో కొన్న నైలాన్ తీగల మార్టిన్ ఎన్-20ని, టాప్‌కు (ముందువైపు చెక్కకు) కన్నం పడ్డాక కూడా, తొంభై దాటినా అదే వాయిస్తున్నాడు. ఆయన అభిరుచి ఏ మెట్టూ ఎక్కలేదు, ఏ మెట్టూ దిగలేదు.

మరి ఇప్పటి నడివయసు వాళ్లలో చిన్న గిటార్ల మీద ఇంత ప్రేమ ఎక్కడిది? దానికి ఒక టీవీ కార్యక్రమం కూడా కారణం. 1992 జనవరిలో రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో 1939 నాటి మార్టిన్ 000-42 వాయించాడు, 000 అంటే డ్రెడ్‌నాట్ కంటే చిన్న బాడీ. ఆ ఆల్బమ్ ప్రపంచమంతా తిరిగింది. మార్టిన్ 1995లో ఆయన పేరుతో 000-42ఈసీ, ఆ మరుసటి ఏడు 000-28ఈసీ తెచ్చింది. అప్పుడు ఆ కార్యక్రమం చూసిన పాతికేళ్ల కుర్రాడికి ఇప్పుడు దాదాపు అరవై. కొనగలిగే స్థోమత ఇప్పుడొచ్చింది, ఇప్పుడు కొంటున్నాడు. ముప్పై ఏళ్ల కిందటి కోరిక అది. దాన్ని ఈ మధ్యే వచ్చిన పరిణతి అంటే ఎలా?

ఇక చెవి. ఇక్కడ ఆ మాట పూర్తిగా తలకిందులు. వయసుతో చెవికి జరిగేది పండటం కాదు, పై స్థాయి ధ్వనులు తగ్గిపోవడం. మామూలు ట్యూనింగ్‌లో గిటారు అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, పై తీగ మీద ఇరవయ్యో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దగ్గర నొక్కితే 1,050 హెర్ట్జ్‌కు కాస్త అటూఇటూ. అంటే స్వరాలన్నీ ముసలి చెవికి కూడా బాగానే అందే పరిధిలో ఉంటాయి. పోయేది వాటిపైన ఉండే అనుస్వరాలు (ఓవర్‌టోన్లు), కొత్త తీగల మెరుపు, పిక్ తగిలినప్పటి ఆ "టిక్". అవి కొన్ని వేల హెర్ట్జ్‌లలో ఉంటాయి, వయసు మొదట దెబ్బకొట్టేది అక్కడే. ఏళ్ల తరబడి స్పీకర్ల పక్కన నిలబడ్డవాళ్లకు మరీ ముందుగా. ఇప్పుడు చెప్పండి, మెరుపు వినపడనివాడు మెత్తని, ముదురు నాదమున్న గిటారు వైపు వెళ్లాలా, ఇంకా మెరిసే గిటారు వైపు వెళ్లాలా? చెవే కారణమైతే పెద్దవాళ్లంతా ఎప్పుడూ కొత్త తీగలు, ప్రకాశవంతమైన గిటార్లు వెతకాలి. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు సరిగ్గా అదే చేస్తున్నారు. తీగలు వారం తిరక్కుండానే "చచ్చిపోయాయి" అంటారు, పక్కన కూర్చున్న మనకేమో అవి ఇంకా గణగణలాడుతూనే ఉంటాయి.

అసలు కారణాలు ఇంతకంటే సాదాసీదావి. మొదటిది ఒళ్లు. డ్రెడ్‌నాట్ కింది భాగం వెడల్పు 15⅝ అంగుళాలు, 000ది 15 అంగుళాలు. చూస్తే తేడా ఏమీ లేదు. కానీ లోతు చూడండి: డ్రెడ్‌నాట్‌కు 4⅞ అంగుళాలు, 000కు 4⅛. పైగా 000కు నడుము సన్నం, తొడ మీద పెట్టుకుంటే గిటారు కిందికి ఒదుగుతుంది. డ్రెడ్‌నాట్‌కు నడుము దాదాపు లేనట్టే కాబట్టి అది పైకి లేచి కూర్చుంటుంది, దాని మీదుగా చెయ్యి వేయాలంటే భుజం ఎత్తి పట్టాలి. ఇరవైల్లో ఇది తెలియదు. యాభైల్లో గంట వాయించాక భుజం చెబుతుంది. బొటనవేలి మొదట్లో కీళ్లనొప్పి మొదలైనవాళ్లకు ఒకే వేలితో తీగలన్నీ నొక్కి పట్టే బార్రే కార్డులు నరకం.

ఇదే సంగతిని ఉన్నదున్నట్టు చెప్పుకుంటే ఖర్చులేని దారులు దొరుకుతాయి. చెవి పండిందనుకుంటే మాత్రం కొత్తగా పాత గిటారు కొనడం తప్ప దారి కనపడదు. ఒక చిన్న లెక్క: పెద్ద మార్టిన్లలో తీగ పొడవు 25.4 అంగుళాలు, చాలా 000లలో 24.9. అదే తీగ, అదే శ్రుతి అయితే పొడవు తగ్గినందువల్ల బిగువు తగ్గేది సుమారు 4 శాతం. ఉన్న డ్రెడ్‌నాట్‌నే అర స్వరం కిందికి శ్రుతి చేస్తే తగ్గేది 11 శాతం. 12 సెట్టు తీగలు తీసేసి ఇంకా సన్నని 11 సెట్టు వేసుకుంటే వేళ్లకు మరో వెసులుబాటు. యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, కొంచెం దింపించుకుంటే ఇంకోటి. మొత్తం కలిపినా ఒక సర్వీసింగ్ ఖర్చు. భుజం నొప్పికి ఇవేవీ పనిచేయవు, నిజమే. అక్కడ చిన్న బాడీయే మందు. అది కూడా కొత్త గిటారైతే చాలు, 1930ల నాటిది కానక్కర్లేదు.

రెండో కారణం గది. ఇరవైల్లో గిటారు కాలేజీ డాబా మీద, పదిమంది గొంతులు కలిసిన చోట మోగుతుంది. అక్కడ కొట్టిన కొట్టు వినపడాలి. నలభై అయిదులో అదే మనిషి రాత్రి పదింటికి, పక్కగదిలో పిల్లలు పడుకున్నాక, తలుపేసుకుని ఒక్కడే వేళ్లతో మీటే ఫింగర్‌స్టైల్ వాయించుకుంటాడు. నాలుగు గోడల మధ్య డ్రెడ్‌నాట్ బేస్ గుమ్మని నిండిపోతుంది, మైకు పెడితే మరీనూ. 000, అదే సైజు బాడీ ఉన్న ఓఎం అక్కడ చక్కగా అతుకుతాయి. దీనికి రుజువు కావాలంటే అమెరికా జానపద బాణీ బ్లూగ్రాస్ వాయించేవాళ్లను చూడండి. బాంజో, మాండొలిన్, ఫిడేలు మధ్య కూర్చునే డెబ్బై ఏళ్ల గిటారిస్టు చేతిలో ఇవాళ్టికీ డ్రెడ్‌నాటే ఉంటుంది. ఆయనకు గది మారలేదు, గిటారూ మారలేదు.

"పాత చెక్క" అనే మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ సగం నిజం ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ చెక్కలోని కొన్ని పదార్థాలు విరిగి, అది తేలికపడి, మోగే తీరు మారుతుంది. కంపెనీలు ఇప్పుడు టాప్‌కు వాడే స్ప్రూస్ చెక్కను గాలి తగలకుండా వేడిచేసి ఆ మార్పునే ముందుగా తేవాలని చూస్తున్నాయి. కానీ జనం ప్రాణం పెట్టే 1930ల మార్టిన్ నాదం కేవలం వయసు వల్ల వచ్చిందా? ఆ గిటార్లు పుట్టడమే వేరేగా పుట్టాయి. టాప్‌కు అడిరాండాక్ స్ప్రూస్, లోపల టాప్‌కు ఆసరాగా ఉండే పట్టీలను చెక్కి పలచన చేసిన స్కాలప్డ్ బ్రేసింగ్. బరువైన తీగలు వేసి జనం టాప్‌లు ఉబ్బించుకుంటున్నారని 1944 చివర్లో కంపెనీ ఆ చెక్కడం ఆపేసింది. ఆ పద్ధతి 1976లో హెచ్‌డి-28 మోడల్‌తో తిరిగొచ్చింది.

వయసే మంత్రమైతే 1970ల గిటార్లు ఈపాటికి బంగారం కావాలి కదా, వాటికి యాభై ఏళ్లు నిండాయి. కాలేదు. మార్టిన్ 1971లో ఒక్క ఏడాదిలో 20 వేలకు పైగా గిటార్లు చేసింది. ఆ కాలంలో తీగలు బిగించే బ్రిడ్జి కింద దళసరి రోజ్‌వుడ్ పలక పెట్టారు, కొన్నింటికి బ్రిడ్జి సరైన చోట అతకలేదు, పైకి వెళ్లేకొద్దీ శ్రుతి తప్పుతుంది. గిబ్సన్ 1960లలో ప్లాస్టిక్ బ్రిడ్జిలు, మరలతో పైకీ కిందికీ జరిగే శాడిళ్లు (తీగలు ఆనే పట్టీలు) పెట్టింది, 1965 నుంచి నెక్ (గిటారు మెడ) సన్నబడింది. వయసు మీరిన లావు వేళ్లకు ఆ నెక్ మీద రెండు తీగలు ఒకేసారి నొక్కుకుపోతాయి. అవీ పాతవే, చెక్కా పాతదే. అలాగని ఆ కాలం గిటార్లన్నీ చెత్త అనను, ఒకటీ అరా అద్భుతంగా మోగేవి తగులుతాయి. చూసుకోవలసింది ఎలా చేశారన్నది. ఎప్పుడు చేశారన్నది ఆ తర్వాత.

పండిన చెవి పాతదాన్ని పోల్చుకుంటుందన్న వాదనకు గిటార్ల మీద నేరుగా జవాబిచ్చే పరీక్ష నాకు కనపడలేదు కానీ, వయొలిన్ల మీద ఉంది. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వాద్యకారులకు కళ్లు కనపడకుండా చేసి మూడు కొత్త వయొలిన్లు, మూడు పాత ఇటాలియన్ వయొలిన్లు ఇచ్చారు. ఎక్కువమంది మెచ్చింది ఒక కొత్తదాన్ని. అన్నిటికంటే తక్కువ నచ్చినది ఒక స్ట్రాడివేరియస్. అవి పండని చెవులేమీ కావు.

రోజ్‌వుడ్, మహాగని సంగతి త్వరగా తేల్చేయవచ్చు. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన పరీక్షలో ఒకే తయారీదారు చేసిన ఆరు గిటార్లను 52 మంది గిటారిస్టుల చేత చూపు మూసి వాయించారు. వెనకా పక్కలా చెక్క మాత్రమే వేరు: బ్రెజిలియన్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇందులో మనకు కాస్త గర్వపడే సంగతి కూడా ఉంది. బ్రెజిల్ చెక్క దొరకడం కష్టమైపోయి మార్టిన్ 1969లో మారింది మన దక్షిణాది అడవుల్లో పెరిగే జిట్రేగికే, అదే ఇండియన్ రోజ్‌వుడ్. యాభై ఏళ్లుగా "అది బ్రెజిల్‌ది కాదు" అని దాన్ని చిన్నచూపు చూస్తున్నారు. మహాగనితో పరిణతి వస్తుందన్నది మరీ వింత: 1993లో రాక్ గాయకుడు కర్ట్ కొబైన్ అన్‌ప్లగ్డ్‌లో వాయించిన 1959 నాటి డి-18ఈ మహాగనిదే. అప్పుడు అతనికి 26 ఏళ్లు.

ఆఖరిది ధర. ఆ డి-18ఈ 2020లో వేలంలో 60 లక్షల డాలర్ల పైన పలికింది. క్లాప్టన్ 000-42 2004లో 7,91,500 డాలర్లు. ఇలాంటి అంకెలు చూపించి పాత గిటారు పెట్టుబడి అంటారు. అక్కడ అమ్ముడైంది ఎవరు వాయించారన్నది. అదే ఏడాది అదే ఫ్యాక్టరీలో చేసిన ఇంకో డి-18ఈకి అందులో వందో వంతు కూడా రాదు. 1933 నుంచి 1942 వరకు మొత్తం 91 మాత్రమే చేసిన డి-45 లాంటివాటి సంగతి వేరు, అవి మన సంభాషణలోకి రావు. మామూలు పాత గిటార్ల ధరలు 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత పడ్డాయి, చాలావాటికి కోలుకోవడానికి ఏళ్లు పట్టింది.

ధర చీటీ మీద లేని ఖర్చులూ ఉన్నాయి. 1985కు ముందు మార్టిన్లలో నెక్ వంపు సరిచేయడానికి బిగించుకునే ట్రస్ రాడ్ (లోపలి లోహపు కడ్డీ) లేదు. నెక్ ముందుకు వంగితే ఊడదీసి కోణం సరిచేసి మళ్లీ అతకాలి, వందల డాలర్ల పని, చేయగలిగే చెయ్యి దొరకాలి. అమెరికాలో కొన్న 1960ల డి-28ని సెలవులకు హైదరాబాద్ తెద్దామనుకుంటే అది బ్రెజిలియన్ రోజ్‌వుడ్. 1992 నుంచి అంతర్జాతీయ నిషేధ జాబితాలో ఉంది, పత్రాలు లేకుండా సరిహద్దు దాటిస్తే టెన్షనే. తెచ్చాక మే నెల పొడిగాలి ఒకవైపు, ఏసీ ఒకవైపు. గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ కావాలి. లేకపోతే టాప్ పగులుతుంది. తొంభై ఏళ్ల టాప్ అయితే ఆ పగులు గుండెకు తగులుతుంది.

ఇవన్నీ లెక్కవేసుకున్నాక కూడా అదే కావాలనిపిస్తే కొనుక్కోండి. 1930ల ఓఎం-28 కంటే నాకు నచ్చిన గిటారు ఇంతవరకూ చేతికి రాలేదు. ఇంట్లో మాత్రం పెట్టుబడి అని చెప్పకండి. ఇష్టపడి కొన్నానని చెప్పండి.