రెండు కిలోమీటర్ల మహాభాగ్యం

ఏప్రిల్ 7వ తేదీని ప్రపంచ ఆరోగ్య దినోత్సవంగా నిర్ణయించిన పెద్దలకు బెజవాడ ఎండ సంగతి తెలిసి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి 1948లో అదే రోజున అమలులోకి వచ్చింది కనుక ఆ తేదీని ఎంచుకున్నారే తప్ప, పసిపిల్లలను బందరు రోడ్డు మీద నిలబెట్టడానికి అది శుభముహూర్తమని వారు ఎక్కడా రాయలేదు. మనవారు మాత్రం అలాగే అర్థం చేసుకున్నారు.

ఆ సందర్భంగా జరిగిన ఒక రెండు కిలోమీటర్ల ఆరోగ్య నడకను కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. ఆరున్నరకు మొదలు కావలసిన నడక, ముఖ్య అతిథి తొమ్మిదింటికి దయచేసిన కారణంగా తొమ్మిదింటికే మొదలైంది. అప్పటిదాకా పిల్లలు ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఆ అట్టను నెత్తిన పెట్టుకుంటే నీడ వస్తుందని కనిపెట్టిన ఒక బుడతడిని వ్యాయామ ఉపాధ్యాయుడు గద్దించాడు, అక్షరాలు కెమెరాకు కనబడాలి కదా! ఆ ఉదయం ఆ రోడ్డు మీద ఆరోగ్య సూత్రాన్ని ఆచరణలో పెట్టినవాడు ఆ బుడతడొక్కడేనని నా నిశ్చితాభిప్రాయం.

అతిథిగారు కారు దిగి, ఆ ఎండలో శాలువా కప్పించుకుని, పచ్చజెండా ఊపి, సరిగ్గా ఇరవై అడుగులు నడిచారు. వారికి ఎదురుగా నిలిచి ఆ ఇరవై అడుగులూ వెనక్కి నడుస్తూ ఫొటోలు తీసిన కుర్రవాడిదే అసలైన వ్యాయామం. ఇరవై ఒకటో అడుగు కారులో పడింది. ఆ కారు ఊరేగింపుకు ముందు నడవగా, దాని పొగను గుండెల నిండా నింపుకుంటూ పిల్లలు ‘స్వచ్ఛమైన గాలి పీల్చండి’ అని నినదించారు.

తరువాత సభ. ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదనీ, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా సంపూర్ణ క్షేమమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన నిర్వచనాన్ని ఒక వక్త కాగితం చూసి చదివారు. మూడింటిలో శరీరం ఒక్కటే నచ్చినట్లుంది, వెంటనే ఉప్పు మీదికి వెళ్లిపోయారు. రోజుకు ఐదు గ్రాములు దాటరాదట, ఆవకాయ మానాలట. ఈ మాట గుంటూరు పక్కన నిలబడి చెప్పిన ధైర్యానికి జోహార్లు. సభానంతరం వేదిక మీదివారికి నేతి ఇడ్లీ, మైసూరు బజ్జీ, పిల్లలకు తలా ఒక మిక్చరు పొట్లం అందాయి. ఆ పొట్లంలోని ఉప్పును ఎవరూ తూచలేదు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ‘నీళ్లు మరిగించి తాగండి’ అనే అట్ట చూసినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో జనం ఏ దురలవాటుకు లోనయ్యారని అతిసారం ప్రబలింది? కొళాయి తిప్పి నీళ్లు తాగారు, అంతే. తాగునీటి గొట్టం మురుగు కాలువలోంచి పోతుంది, ఎక్కడో పగులుతుంది, నీళ్లు వదలని వేళల్లో లోపల ఒత్తిడి పడిపోయి మురుగు ఆ పగులులోంచి లోపలికి చేరుతుంది, మరునాటి మొదటి బిందెలో వచ్చేది అదే. మనుషులు చచ్చిపోయారండీ! రోజూ నడవలేదని చచ్చారా? ఉప్పు ఎక్కువ తిన్నారని చచ్చారా? గొట్టం మార్చవలసినవాడు మార్చకుండా, గ్యాసు ఖర్చు తాగేవాడి నెత్తిన వేసి, దానికి అవగాహన అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. మన ఆరోగ్యం మన చేతుల్లోనే ఉందని మైకులో అరిచే పెద్దమనిషి, ఆ గొట్టం ఎవరి చేతుల్లో ఉందో కూడా అదే మైకులో చెప్పాలి.

నేను తిరిగి వస్తుండగా, చేతులకు తొడుగులైనా లేని ఒక పారిశుద్ధ్య కార్మికురాలు ఆరోగ్యవంతులు తాగి పారేసిన నీళ్ల సీసాలు ఏరుతోంది. ఊడి పడిన ఫ్లెక్సీని, అతిథిగారి చిరునవ్వు లోపలికి వచ్చేలా, మడత పెట్టి చంకన పెట్టుకుంది.

“అదెందుకమ్మా?” అని అడిగాను.

“మా కొళాయి గుంటలోకి కాలవ నీళ్లు పొంగుతున్నాయండీ, అడ్డం పెట్టుకుంటాను. ఇదైతే నానదు” అంది.