కంట్లో బఫర్ జోన్

హైదరాబాద్‌లో "సైట్ ఎంత?" అని అడిగితే రెండు రకాల జవాబులొస్తాయి. ఒకటి రెండొందల గజాలు, రెండోది మైనస్ ఆరు. మొదటి సైటు కొనేవాడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, ఈసీ తీయిస్తాడు, చెరువు ఎంత దూరమో ఫోన్లో కొలుస్తాడు. రెండో సైటు, అంటే కళ్లజోడు పవరు, పోగొట్టుకోవాలనుకునేవాడు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర లేజర్ ఆపరేషన్ హోర్డింగు చూసి, ఎర్ర లైటు పచ్చబడేలోగా తేల్చేసుకుంటాడు. సమయపాలన అంటే అదీ.

అద్దాలు వదిలించే లేజర్ ఆపరేషన్లు లాసిక్, స్మైల్ అని రకరకాలు; వాటిలో ఏది అన్న ప్రశ్నను మనవాళ్లు బంధువర్గానికి వదిలేశారు, మంచి పద్ధతి. "ఆడపడుచు కొడుక్కి స్మైల్ చేయించారట, మనవాడికి ఉత్త లాసిక్ ఏమిటి, పరువుండొద్దూ?" అనే వాదనకు ఏ కంటి డాక్టరూ జవాబు చెప్పలేడు.

ఒక్కటే చిక్కు. కన్ను కూడా ప్లాటే. నల్లగుడ్డు మీది కార్నియా మధ్యలో సగటున 540 మైక్రాన్ల మందం, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. ఉన్న జాగా అంతే. లాసిక్‌లో ముందు దాదాపు 110 మైక్రాన్ల పొరను మూతలా లేపుతారు, దాన్ని ఫ్లాప్ అంటారు. దాని కింద ఒక్కో పాయింటు పవరుకు సుమారు 15 మైక్రాన్ల చొప్పున ఎక్సైమర్ లేజర్ చెక్కుతుంది. మైనస్ ఆరుకు 90. మూతతో కలిపి 200. కార్నియా 540 ఉన్నాయన ధీమాగా పడుకోవచ్చు, అడుగున 340 మిగిలింది. అదే ఆరు పవరుతో 480 ఉన్నాయనకు మిగిలేది 280. అడుగున 250కి తగ్గకూడదన్నది పాత రూలు. 300 ఉంటేగానీ ముట్టుకోని సర్జన్లూ ఉన్నారు. పైగా మూతా చెక్కుడూ కలిసి మొత్తం మందంలో 40 శాతానికి చేరితే ప్రమాదం పెరుగుతుంది. ఈ 480 ఆయనది దాదాపు 42.

ఇదీ బఫర్ జోన్, ముట్టుకోకుండా వదలాల్సిన జాగా. చెరువుదైతే హైడ్రా బుల్‌డోజర్ తెల్లారేసరికి వస్తుంది. కంటిదైతే నోటీసు నెలలకో ఏళ్లకో వస్తుంది: పలచబడ్డ గోడ లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బుతుంది, చూపు చెదిరిపోతుంది. దాని పేరు ఎక్టేషియా. అద్దాలు వదిలించుకోవడానికి వెళ్లినవాడు గట్టి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని తిరుగుతాడు.

480 గారికి దారి లేకపోలేదు. పీఆర్‌కే అనే పాత లేజర్ పద్ధతిలో మూత ఉండదు. పైన 50 మైక్రాన్ల పొర గీకి లేజర్ కొడతారు, ఆ పొర మళ్లీ పెరుగుతుంది. మూడు నాలుగు రోజులు కంట్లో గుంటూరు కారం పడ్డట్టుంటుంది, చూపు తేటపడటానికి వారాలు పడుతుంది. దీనికి హోర్డింగు ఎక్కడైనా చూశారా? కారం బొమ్మ వేసి ఎవడు పెడతాడు!

ఇక పరువుగల స్మైల్. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల కోతలోంచి లెంటిక్యూల్ అనే పలచని బిళ్లను లాగేస్తారు. మూత లేదు గనక దెబ్బ తగిలితే అది పక్కకు జరుగుతుందన్న భయం లేదు, కబడ్డీ ఆడేవాడికి మేలు. నరాలు తక్కువ తెగుతాయి, కన్ను పొడిబారడం కాస్త తక్కువ. కానీ లేజర్ నడుస్తుండగా కన్ను పక్కకు లాగితే పట్టు తప్పి పని సగంలో ఆగిపోతుంది. తర్వాత పవరు మిగిలితే మళ్లీ అదే పద్ధతి కుదరదు, చాలాసార్లు పీఆర్‌కేకే వెళ్లాలి. అంటే కారం తప్పలేదు, వాయిదా పడిందంతే. కాంటూరా అంటారా, 22 వేల పాయింట్లతో మ్యాపు గీసి చేసే లాసిక్ అది. మ్యాపు ఎంత బాగున్నా తవ్వకం తవ్వకమే.

ఆరోగ్య బీమా వాళ్ల తూకం చూసి నేర్చుకోవాలి. పవరు 7.5 కంటే తక్కువైతే పైసా ఇవ్వరు. ఆ 7.5కే లెక్క వేయండి: చెక్కుడు 112, మూత 110. సగటు కార్నియాలోనే 41 శాతం. లేజర్ సరేనన్నచోట బీమా రాదు, బీమా వచ్చేచోట లేజర్ వెనకాడుతుంది.

ఈ లెక్కలన్నీ కార్నియా మందమూ ఆకారమూ కొలిచే పెంటాకామ్ స్కాన్ కాగితం మీద ఉంటాయి. కంటికి ఈసీ అదే. అన్నిటికంటే పలచనిచోట ఎన్ని మైక్రాన్లో అడగాలి. స్కానుకు ముందు మెత్తని లెన్సులు కనీసం వారం, గట్టివి మూడు వారాలు మానేయాలి, లేకపోతే లెన్సు నొక్కుడుకు కార్నియా ఆకారం మారి కొలతే తప్పొస్తుంది. మనవాడు మాత్రం రాత్రి రిసెప్షన్ ఫొటోల కోసం పెట్టుకున్న లెన్సులు స్కాన్ గది గుమ్మంలో తీస్తాడు. సర్వేయరు వచ్చేవేళకు హద్దురాళ్లు జరిపినట్టు.

నలభై దాటినవాళ్లకు ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు, ఈఎంఐ కుదిరితే చాలు. నలభై మూడేళ్ల మైనస్ రెండు గారు ఇన్నాళ్లూ అద్దాలు పైకెత్తి పేపరు హాయిగా చదివేవారు. రెండు కళ్లకూ పవరు పూర్తిగా తీయించుకున్నాక దూరాన పంజాగుట్ట హోర్డింగు అక్షరం అక్షరం కనిపిస్తుంది. చేతిలో ఉన్న ఆస్పత్రి బిల్లు మాత్రం చత్వారం అద్దాలు పెడితేగానీ కనిపించదు.