ముందు స్టెరాయిడా, నులిపురుగుల మందా?

వాదానికి ఊహించుకున్న కేసు: నలభై దాటిన పొలం కూలీ. రెండేళ్లుగా ఆయాసం, కాళ్ల మీద ఎర్రని మచ్చలు, ఎడమ పాదం తిమ్మిరి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదు. రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీల్లో, పురుగులున్నప్పుడు పెరిగే ఒక రకం తెల్ల కణాలు) బాగా పెరిగాయి. రక్తనాళాల వాపు జబ్బుల్లో చూసే యాంటీబాడీ పరీక్ష, ఏఎన్‌సీఏ నెగిటివ్. వాదన ప్రొఫెసర్‌కి, పీజీ చదివే డాక్టరమ్మకి మధ్య.

ప్రొఫెసర్: చెప్పు జారినా తెలియలేదంటే, నరానికి రక్తమిచ్చే సన్నటి నాళాలు వాచాయి. ఆయాసం, ఇసినోఫిల్స్‌తో పాటు నాళాలు వాచే జబ్బని 1951లో చర్గ్, స్ట్రాస్ రాశారే, అదే ఇది. స్టెరాయిడ్ మొదలుపెట్టమ్మా.

పీజీ: ఏఎన్‌సీఏ నెగిటివ్ కదా సార్?

ప్రొఫెసర్: ఈ జబ్బున్నవాళ్లలో సగం మందికి పైగా నెగిటివే వస్తుంది.

పీజీ: నిజమే. కానీ ఇతను చిన్నప్పటి నుంచీ తడి మట్టిలో ఉత్త కాళ్లతో తిరిగిన మనిషి. స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు పిల్లలు పాదం చర్మంలోంచే దూరి, రక్తంలో ఊపిరితిత్తులకు పోయి, చివరికి పేగులో కాపురం పెడతాయి. ఆయాసం, ఇసినోఫిల్స్ రెండూ వాటి పనే కావచ్చు.

ప్రొఫెసర్: మల పరీక్షలో ఏమీ లేదు. నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ కూడా ఒకటి వేసుకున్నాడు.

పీజీ: ఒక్క పరీక్షలో ఇది తరచుగా దొరకదు సార్, ఒక్క మాత్రకి లొంగదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైల్వే దగ్గర పనిచేసిన ఖైదీల్లో 30 ఏళ్ల తర్వాతా కనిపించింది. పేగులో పుట్టిన పిల్లలే మళ్లీ ఒంట్లోకి దూరతాయి.

ప్రొఫెసర్: పురుగు ఉండటం వేరు, దానివల్ల నాళం వాచడం వేరు. ఒళ్లంతా పాకినప్పుడు బొడ్డు చుట్టూ బొటనవేలి ముద్రల్లా మచ్చలొస్తాయి చూడు, అవి కూడా పిల్ల పురుగులు నాళాల గోడలు తొలుచుకుని పోవడంవల్లే.

పీజీ: మరి మెదడు అడుగున బద్దెపురుగు తిత్తులు చేరితే ధమనులు వాచి పక్షవాతం రావట్లేదా?

ప్రొఫెసర్: అక్కడ తిత్తి ధమనిని ఆనుకునే ఉంటుంది. ఇక్కడ పేగులో పురుగుంటే పాదంలో నరం ఎందుకు పోయింది?

పీజీ: దానికి నా దగ్గర జవాబు లేదు సార్. నా గొడవంతా వరస గురించే. పురుగుండగా స్టెరాయిడ్ ఇస్తే అవి విపరీతంగా పెరిగి, పేగులోని బ్యాక్టీరియాని రక్తంలోకి మోసుకెళ్తాయి. ఇసినోఫిల్స్ మాత్రం తగ్గుతాయి. మందు పనిచేస్తోందని మనం మురిసిపోతాం.

ప్రొఫెసర్: నువ్వు ఆగమంటే ఆ నరం ఆగుతుందా?

పీజీ: ఆగమనట్లేదు. ముందు ఈ పురుగుని చంపే ఐవర్‌మెక్టిన్, కిలోకి 200 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషి, 12 మిల్లీగ్రాములు, ఈ పూటే. పురుగుకి చేసే యాంటీబాడీ పరీక్ష రిపోర్టు వచ్చినప్పుడు వస్తుంది.

ప్రొఫెసర్: సరే, కేస్ షీట్‌లో ముందు అది రాయి. దాని కిందే స్టెరాయిడ్. రేపు నరం బయాప్సీ.