మహారాజశ్రీ 4కే టీవీ గారికి

మహారాజశ్రీ 43 అంగుళాల 4కే టీవీ గారికి బెజవాడ సత్యనారాయణపురం నుంచి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి తెర మీది మనుషులే మొన్నటిదాకా క్షేమంగా లేరు.

బీసెంట్ రోడ్డు దుకాణంలో తమరు చూపించిన రామచిలుక ఈకలు లెక్కపెట్టగలిగాను. తమరి తెర మీద అడ్డంగా 3840, నిలువునా 2160, హెచ్చవేస్తే దాదాపు 83 లక్షల చుక్కలట (పిక్సెళ్లు). 2011 లెక్కల్లో బెజవాడ జనాభా పది లక్షల పైచిలుకు. తలా ఏడు పంచినా ఇంకా మిగులుతాయి. అంతటి సంపన్నులు మా ఇంట్లో అడుగుపెట్టగానే వార్తలు చదివే అమ్మాయి ముఖాన్ని పెసరట్టులా పరిచేశారు.

మూడు వారాలు తమరినే తిట్టుకున్నాను. తీరా చూస్తే, సెట్‌టాప్ బాక్సు బిగించినతను పాత టీవీకున్న పసుపు, ఎరుపు, తెలుపు వైర్లనే తమరికీ తగిలించి వెళ్లాడు. బొమ్మ మోసేది ఒక్క పసుపు వైరే. అది 576 గీతలకు మించి మోయలేదు. కృష్ణ ఎంత నిండుగా పారినా కుళాయి లావును బట్టే బిందె నిండుతుంది. హెచ్‌డీ చానళ్లకు మాత్రం నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నాను.

తమరు తక్కువ తిన్నారా? అందిన నాలుగు లక్షల చుక్కలను 83 లక్షల చోట్లకు సాగదీశారు. అంటే ఒక్కో చుక్కను ఇరవై చేశారు. గరిటెడు పిండితో ఇరవై అట్లు పోసే ధైర్యం ఏ హోటలువాడికీ ఉండదు.

బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ వైరు కొన్నాను. అయినా బొమ్మ మారలేదు. బాక్సు మెనూలో ఇంకా 576 అనే ఉంది! దాన్ని 1080ఐకి మార్చాను. ఐ అంటే ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. అంకె పక్కన ఐ బదులు పీ ఉంటే అన్నీ ఒకేసారి. మన హెచ్‌డీ చానళ్లు సాధారణంగా వచ్చేది ఐలోనే. అందులో ఉండేవి ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. తక్కిన 62 లక్షలూ తమరి ఊహాశక్తి. మా సోఫా పది అడుగుల దూరంలో ఉంది కాబట్టి ఆ ఊహలు నా కంటికి ఆనవు కూడా.

నిన్న బొమ్మ కుదుటపడింది. మా అమ్మ కాసేపు తేరిపార చూసి, "ఆ పిల్ల ఇలా చిక్కిపోయిందేమిటిరా, ఒంట్లో బాగోలేదా?" అంది. రాత్రి నేను పడుకున్నాక రిమోట్‌తో బొమ్మను మళ్లీ అడ్డంగా సాగదీసింది.

ఇట్లు,
పది అడుగుల దూరంలోని తమ విధేయుడు