జారిపడ్డ పెద్దమనిషి తరఫున ఒక ఫిర్యాదు

లండన్‌లో సెయింట్ జేమ్స్ వీధి, 27వ నంబరు షాపు. 1808 ఫిబ్రవరి. ఒక పెద్దాయన సరిగ్గా ఆ షాపు ముందు కాలు జారి పడ్డాడు. టోపీ ఎగిరిపోయింది, విగ్గు ఊడింది, జేబులో చిల్లర రోడ్డు పాలైంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఒక్కడు వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. అందరూ షాపు అద్దానికి అతుక్కుపోయి, లోపల తగిలించిన బొమ్మలు చూసుకుంటున్నారు.

ఈ ఘటన మీద రెండు వందల ఏళ్లు దాటినా ఎవరూ కేసు పెట్టలేదు. బాధ్యత గల పౌరుడిగా ఆ పని నేను చేస్తున్నాను.

ఘటన నిజంగా జరిగిందా అని మీరు అడగవచ్చు. జరిగినట్టు అప్పట్లో అచ్చేసిన వెక్కిరింపు బొమ్మ, అంటే కార్టూన్, ఉంది. బొమ్మ ఉంటే జరిగినట్టేనని ఈ రోజుల్లో అందరం ఒప్పేసుకున్నాం కదా. దానికి పెట్టిన పేరు కూడా చూడండి, 'భలే జారుడు వాతావరణం' అన్న అర్థం వచ్చేలా పెట్టారు. పడ్డవాడి నడుము గురించి ఒక్క ముక్క లేదు.

నిందితుల వివరాలు. ఏ1 జేమ్స్ గిల్‌రే, బొమ్మ చెక్కినవాడు. ఏ2 హానా హంఫ్రీ, షాపు యజమానురాలు. ఏ1 ఉండేది ఏ2 గారి షాపు మేడమీదే, కాబట్టి కుట్ర కోణం ఉంది. ఏ3 జాన్ స్నీడ్, ఈ బొమ్మకి ఐడియా ఇచ్చినవాడు. వృత్తిరీత్యా చర్చి ఫాదర్. పడ్డవాణ్ణి లేపమని ఆదివారం ఆదివారం చెప్పాల్సిన మనిషి, పడ్డవాణ్ణి బొమ్మ వేయమని చెప్పాడు. అన్నిటికన్నా దారుణం ఏమిటంటే, ఆ బొమ్మలోని షాపు హంఫ్రీ గారి షాపే. అద్దంలో తగిలించినవి గిల్‌రే బొమ్మలే. అంటే ఒక ముసలాయన నడుము విరిగిన సందర్భాన్ని కూడా సొంత షాపు ప్రకటన కింద వాడుకున్నారు.

ఈ బొమ్మల వ్యాపారం ఎలా సాగేదో కోర్టు వారికి మనవి చేసుకోవాలి. రాగి రేకు మీద మైనం పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసిన చోట మాత్రం అది రేకుని తినేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి కాగితం మీద అచ్చు వేస్తారు. బొమ్మ తిరగబడి పడుతుంది కనక అక్షరాలన్నీ కుడి నుంచి ఎడమకి తిరగేసి రాయాలి. తర్వాత ఒక్కో కాగితానికీ చేత్తో రంగులు. ఎదుటివాడిని వెక్కిరించడానికి మనుషులు ఇంత కష్టపడ్డ కాలం ఇంకోటి లేదు. మనం బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతాం, అంతే.

రంగులేసిన బొమ్మ షిల్లింగో రెండు షిల్లింగులో. కూలివాడు కొనలేడు, కానీ అద్దం ముందు నిలబడి చూడటానికి టికెట్టు లేదు. కొనలేనివాళ్లకీ, కొనడానికి మనసు రాని డబ్బున్నవాళ్లకీ ఇంకో ఏర్పాటు ఉండేది. పికడిలీలో ఫోర్స్ అనే షాపాయన బొమ్మల కట్టల్ని ఒక సాయంత్రానికి అద్దెకి ఇచ్చేవాడు. ఇంటికి చుట్టాలొస్తే ఒక కట్ట తెచ్చి టేబుల్ మీద పడేస్తే చాలు, పొద్దుపోతుంది. వీడియో క్యాసెట్లు అద్దెకి తెచ్చుకుని, పొద్దున్నే రివైండ్ చేసి తిరిగి ఇచ్చిన మా తరానికి ఇది కొత్త కాదు. అయితే మేం చూసింది హీరోని. వాళ్లు చూసుకున్నది వాళ్లనే.

నా అసలు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. రాజుల్నీ మంత్రుల్నీ నెపోలియన్‌నీ వెక్కిరిస్తే నాకేం పోయింది? ఏ1 గారు అంతటితో ఆగకుండా ఇళ్లలోకి వచ్చాడు. 1805లో ఒక జంట బొమ్మలు వేశాడు. మొదటిది పెళ్లికి ముందు. అమ్మాయి హార్ప్ అనే తీగల వాద్యం వాయిస్తుంటే అబ్బాయి పుస్తకం పట్టుకుని, ఇద్దరూ ఒకే పాట పాడుతుంటారు. రెండోది పెళ్లయ్యాక. ఆవిడ వీపు ఇటు తిప్పి పియానో మీద తన కోపమంతా వాయిస్తుంటుంది. ఆయన టిఫిన్ ముందు కూర్చుని, ఒక చెవి మూసుకుని, పేపరు చదువుతుంటాడు. పక్కన పసిపిల్ల ఏడుపు. కుక్కా పిల్లీ వాటి గొడవలో అవి.

ఇది ఎంత అన్యాయమైన బొమ్మో చెప్పడానికి కంప్యూటర్‌లో మా ఆవిడకి చూపించాను. తను కళ్లజోడు సర్దుకుని నిదానంగా చూసింది. "ఈయన నయం. చెవి మూసుకున్నాడంటే వినపడుతోందనేగా. మీకు ఆ అవసరం కూడా లేదు" అని లోపలికి వెళ్లిపోయింది. గిల్‌రే మీద నా ఫిర్యాదులో ఈ వాక్యాన్ని అదనపు నష్టం కింద చేర్చాలని కోరుతున్నాను.

1809లో ఇంకోటి. యుద్ధం పుణ్యమా అని ధాన్యం ధరలు పెరిగి, నాలుగు డబ్బులు వెనకేసుకున్న రైతు. పేరు గైల్స్. కూతుర్ని బోర్డింగ్ స్కూల్లో చదివించాడు. అమ్మాయి తిరిగొచ్చింది. ఇరుగుపొరుగుని పిలిచి కూర్చోబెట్టి, అమ్మాయి చేత పియానో వాయింపిస్తున్నారు. తల్లిదండ్రుల మొహాలు వెలిగిపోతున్నాయి. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. పోయిన సంక్రాంతికి మా అపార్టుమెంటులో మూడో అంతస్తువాళ్లు కాఫీకి పిలిచారు. బిస్కెట్ల ప్లేటు నా చేతికిచ్చి, నేను పారిపోయే వీలు లేకుండా చేసి, "బంగారం, అంకుల్‌కి కీబోర్డు వాయించి చూపించమ్మా" అన్నారు. ఇరవై నిమిషాలు. చివర్లో "అబ్బ, చాలా బాగుందండీ" అన్నాను. గైల్స్ ఇంటికొచ్చిన చుట్టుపక్కల వాళ్లు కూడా ఇంతకంటే వేరే అని ఉంటారనుకోను. ఇలాంటి పవిత్రమైన అబద్ధాల మీద సమాజం నిలబడి ఉంది. దాన్ని రాగి రేకు మీదకి ఎక్కించడం సంఘవిద్రోహం.

ఏ4 థామస్ రోలండ్‌సన్. వారసత్వంగా వచ్చిన డబ్బు జూదంలో పోగొట్టుకుని బొమ్మల మీద పడ్డ మనిషి. లండన్‌లోని సోమర్సెట్ హౌస్ పై అంతస్తులో రాయల్ అకాడమీవాళ్ల చిత్ర ప్రదర్శన జరిగేది. అక్కడికి ఎక్కాలంటే ఏటవాలు మెట్లు. రోలండ్‌సన్ ఆ మెట్ల మీద జనాన్ని ఒకరి మీద ఒకర్ని దొర్లించాడు. లావుపాటి దొరసానులు, పట్టు గౌన్లు, కాళ్లు పైకి. అది చూసి కళ్లు పెద్దవి చేసుకునే ముసలి రసికులు కొందరు. ఇంగ్లిష్‌లో మెట్లకీ (స్టెయిర్), గుడ్లప్పగించి చూడటానికీ (స్టేర్) మాట ఒకేలా పలుకుతుంది కనక బొమ్మ పేరులో ఆ చమత్కారం కూడా పెట్టాడు. పైన గదిలో మహా చిత్రకారులు ఏం వేశారో చూడటానికి ఆయన ఓపిక పట్టలేదు. ఆయనకి మెట్ల దగ్గరే పని అయిపోయింది.

ఆయనదే 1809లో ఇంకో బొమ్మ. పాల్‌మాల్ వీధిలో అంతకు రెండేళ్ల ముందు గ్యాస్ దీపాలు పెట్టారు. అభివృద్ధి! వీధంతా వెలుగు! ఇలాంటి సందర్భంలో కొబ్బరికాయ కొట్టే ఫోటో వేయాలి. ఈయన ఏం వేశాడు? దీపాల కింద నిలబడి ఒక పెద్దమనిషి గ్యాస్ ఎలా తయారవుతుందో తనకి తెలిసినంత, తెలియనంత వివరిస్తుంటాడు. బొగ్గు పొగ నీళ్లలోంచి వచ్చి మండుతుందట. నీళ్లలోంచి నిప్పు తెచ్చే మనిషి రేపు థేమ్స్ నదికే నిప్పంటిస్తాడని ఒకాయన కంగారు. రాత్రిపూట వీధుల్లో బతికే ఒకామె, ఈ వెలుతురు ఆపకపోతే మా దుకాణం మూసుకోవాల్సిందేనని బాధపడుతుంది. అభివృద్ధి వల్ల నష్టపోయినవాళ్ల మాటని ప్రారంభోత్సవం బొమ్మలోనే పెట్టేశాడు. మన దగ్గర ఇంత అనుభవం లేని కళాకారుణ్ణి ఎవరూ పిలవరు.

టీకా విషయం చూద్దాం. 1802 జూన్ 12న గిల్‌రే ఒక బొమ్మ వదిలాడు. మశూచి రాకుండా గోమశూచి (ఆవులకొచ్చే మశూచి) టీకా వేయించుకున్నవాళ్ల చేతుల్లోంచి, ముక్కుల్లోంచి, నోట్లోంచి చిన్న చిన్న ఆవులు పుట్టుకొస్తుంటాయి. టీకా వేయించుకుంటే పశువులైపోతామని అప్పట్లో భయపెట్టేవాళ్లు ఉండేవారు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, జూన్ 14న, బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకి మన దేశంలో మొదటి టీకా పడింది. ఆ పిల్లకి కొమ్ములు రాలేదు. ఓడలు నెలల తరబడి ప్రయాణం చేసే కాలం కాబట్టి ఆ బొమ్మ సమయానికి ఇక్కడికి చేరలేదు. అదే ఇప్పుడైతే పాప చొక్కా చెయ్యి మడిచేలోపే వాళ్ల బాబాయికి ఫార్వర్డ్ అయ్యేది.

1828లో విలియం హీత్ అనే ఏ5, మైక్రోస్కోపులో థేమ్స్ నీటి బొట్టు చూపించాడు. అందులో కొండీలూ కాళ్లూ ఉన్న రాక్షస జీవులు ఈదుతుంటాయి. చూస్తున్న ఆవిడ చేతిలోంచి టీ కప్పు జారిపోతుంది. దాన్ని లండన్ నీటి కంపెనీలకి అంకితం కూడా ఇచ్చాడు. ఇంటికొచ్చి గ్లాసు నీళ్లలో రెండు కడ్డీలు ముంచి, నీళ్లు ఎర్రగా మురికిగా మారగానే మన మొహంలోకి చూసే ప్యూరిఫయర్ సేల్స్‌మన్‌కి ఈయనే ఆది గురువు. తేడా ఒకటే, హీత్ చెప్పింది నిజం.

డాండీల, అంటే అప్పటి షోకిలాల, జోలికి పోతే రాత్రవుతుంది. నడుం సన్నగా కనపడాలని మగవాళ్లు తాళ్లు బిగించుకునేవారు, మెడ తిరగనంత ఎత్తు పట్టీలు చుట్టుకునేవారు. జార్జ్ క్రూక్‌షాంక్ కొన్నేళ్లపాటు ఏడాదికోసారి ఆ ఏటి ఫ్యాషన్ల మీద బొమ్మ వేసి పరువు తీశాడు. 1819లో రెండు చక్రాల చెక్క గుర్రం వచ్చింది. పెడల్ లేదు, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవాలి. అంటే నడవడానికే డబ్బిచ్చి బండి కొన్నారన్నమాట. బొమ్మలవాళ్లకి ఆ ఏడాది పండగ.

ఒక్క బొమ్మ విషయంలో మాత్రం నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. 1797లో గిల్‌రే 'కౌంట్ రూపీ' అని వేశాడు. హైడ్ పార్కులో దర్జాగా గుర్రం మీద పోతున్న పెద్దమనిషి. ఆయన పాల్ బెన్‌ఫీల్డ్. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేస్తూ ఆర్కాటు నవాబుకి అప్పులిచ్చి, వడ్డీల మీద వడ్డీలు గుంజి లండన్ చేరినవాడు. నవాబు ఆ అప్పులకి తాకట్టు పెట్టింది జిల్లాల శిస్తు. ఆ నవాబు ఏలుబడిలో మన నెల్లూరూ ఉంది. కాబట్టి ఆ గుర్రం దాణాలో ఏ నెల్లూరు రైతు గింజలో ఉండే ఉంటాయి. ఇలాంటి బొమ్మ ఇంకో నాలుగు వేసి ఉంటే గిల్‌రేని నేనే ఏ1 నుంచి సాక్షిగా మార్చేవాణ్ణి.

చివరికి రాజుగారు. నాలుగో జార్జ్. తన మీద వచ్చిన బొమ్మల్ని భరించలేక 1820లో క్రూక్‌షాంక్‌కి వంద పౌన్లు ఇచ్చి కాగితం రాయించుకున్నారు. మహారాజు వారిని 'ఏ విధమైన అనైతిక పరిస్థితిలోనూ' బొమ్మ వేయను అని. ఎంత నిజాయితీ గల ఒప్పందమో చూడండి. నీతిగా ఉన్నప్పుడు నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. అలాంటి సందర్భం దొరకడమే కష్టం. అదే రాజుగారు ఇలాంటి బొమ్మల్ని వేలకొద్దీ కొని దాచుకున్నారు కూడా. ఆ దొంతర 1921లో అమెరికా వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి అమ్ముడుపోయింది. తిట్లు కొనుక్కున్న రాజు, తిట్లు అమ్ముకున్న వారసులు. కొంపల పరువు ఇలా కూడా పోతుంది.

గిల్‌రేకి శిక్ష వేయమని అడగడం లేదు. చూపు మందగించి, మతి చలించి, 1815లో పోయాడు. చివరిదాకా హంఫ్రీ గారే చూసుకుంది. ఫిర్యాదులో రాయాల్సిన విషయం కాదు, రాశాను.

ఇంతకీ నాకెందుకు ఈ గొడవ అంటారా. పోయిన వానాకాలం ఒక బట్టల షోరూము ముందు నున్నటి గ్రానైట్ మెట్ల మీద నేను జారిపడ్డాను. లోపల పెద్ద టీవీలో క్రికెట్ వస్తోంది. మెట్ల మీద జనమంతా అద్దంలోంచి స్కోరు చూస్తున్నారు. ఒక్కడంటే ఒక్కడు తిరగలేదు. తిరిగిన ఒకే ఒక్కడు మా అక్క కొడుకు, వాడు ఫోను తీశాడు. గిల్‌రే పెద్దాయన పడుతూ కూడా చేతిలోని థర్మామీటర్‌ని నిటారుగా, పగలకుండా పట్టుకుని ఉంటాడు. వీడియోలో నేనూ కింద పడ్డాను గానీ నా ఫోను మాత్రం గాల్లోనే ఉంది. స్క్రీన్ గార్డుకి గీత పడలేదు.

వాడు దాన్ని స్టిక్కర్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. నాలుగో జార్జ్‌ని ఆదర్శంగా తీసుకుని వాడికి ఐదు వందలు పంపి, 'జారిపడుతున్న భంగిమలో మామయ్య బొమ్మ ఇక ఎక్కడా పెట్టను' అని మెసేజ్ రాయించుకున్నాను. వాడు మాట తప్పలేదు. నిన్న రాత్రి వాన మొదలవగానే గ్రూపులో కొత్త స్టిక్కర్ వచ్చింది. అందులో నేను లేచి, వెనక దులుపుకుంటున్నాను.